తొలిరోజు చిటికెడు

ఫిబ్రవరి 3, మంగళవారం

ఏడో తరం పిల్లలు పొద్దున పుట్టాయి. అల్లికరెక్కల పురుగులు, మొక్కల మీద పేనుబంకని తినేవి. ఆరు ట్రేలు, ట్రేకి మూడు వందల గడులు, గడికి ఒక్కటి. రెండింటిని ఒకే గడిలో ఉంచితే సాయంత్రానికి ఒకటే మిగులుతుంది. అది కాస్త లావుగా ఉంటుంది.

మూతకి మైనపు పొర, పొర లోపల ముద్ద. ఆఫీసు కాగితాల్లో దాని పేరు కృత్రిమాహారం. మేక కార్జం, గుడ్డు పచ్చసొన, తేనె, ఈస్టు, పంచదార. పిల్ల తలెత్తి పొరని గుచ్చి పీల్చుకోవాలి. పుట్టిన రోజు అది నువ్వుగింజలో సగం కూడా ఉండదు. పది గంటల దాకా చూశాను. తలెత్తుతున్నాయి, పొరని తాకుతున్నాయి, వెనక్కి తిరుగుతున్నాయి.

చిమ్మెటల గదిలోంచి వీటి పాత మేత, చిమ్మెట గుడ్లు, తెచ్చి ట్రేకి ఒక చిటికెడు చల్లాను. తొలిరోజు మాత్రమే. రేపటి నుంచి ముద్దే.

రిజిస్టర్‌లో రాసేంత సంగతి కాదు.

ఫిబ్రవరి 4

రిజిస్టర్‌లో ‘చిమ్మెట గుడ్లు’ అన్న గడిలో సున్నా పెట్టాను. రెండో రోజు కాబట్టి అది నిజమే. నిన్నటి గడిలోనూ సున్నాయే ఉంది.

పది తరాలు చిమ్మెట గుడ్డు ముట్టకుండా ముద్ద మీదే నిలబడితే చిమ్మెటల గది మూసేస్తారు. ఇంకా మూడు తరాలు.

ఫిబ్రవరి 9

చిమ్మెటల గదిలో మాస్కు తీసి రెండు నిమిషాలు నిలబడ్డాను. కావాలనే. ముక్కిన నూకల వాసన, దాని మీద రెక్కల పొడి వాసన. తర్వాత గంటసేపు తుమ్ములు. ఇంటికొచ్చాక మా ఆయన “జలుబు చేసిందా?” అన్నాడు. అవునన్నాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

చిమ్మెటల గదిలో నాకంటే ముందు నుంచీ పనిచేసిన అక్కని చూసి వచ్చాను. గాలి మిషను ఇప్పుడు పగలు కూడా పెట్టుకుంటోంది. ముక్కుకి గొట్టం, ఆ గొట్టం చెవుల వెనక నుంచి కళ్ళజోడు తాడులా. మంచం కిటికీ పక్కకి మార్చారు.

“వచ్చావా? ఎన్నో తరం?” అంది. కూర్చోమని కూడా అనలేదు.

“ఏడు.”

“తింటున్నాయా?”

“తింటున్నాయి.”

“ముద్దేనా?”

“ముద్దే అక్కా.”

ఆమె నా మొహం వంక చూసింది. నేను మిషను మీద అంకె వంక చూశాను.

అక్క కోడలు కాఫీ తెచ్చింది. “పిన్నీ, ఎక్కువ మాట్లాడించకండి. అత్తయ్య మీతో కబుర్లు చెబుతారు, మీరు వెళ్ళాక నాకు దగ్గు వినిపిస్తుంది.”

“ఇదంతే,” అంది అక్క. “నేను మాట్లాడితే దీనికి భయం, మాట్లాడకపోతే ఇంకా భయం.”

కోడలు నవ్వుతూనే వెళ్ళింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు జల్లెడ పట్టిన వేళ్ళు.

“ఆ గదికి తాళం పడిన రోజు తాళంచెవి నాకు తెచ్చివ్వవే. ఇంకొకళ్ళు ఆ పొడి పీల్చకూడదు. ఆ తర్వాత నేను ఎప్పుడు పోయినా ఫరవాలేదు.”

“పోయే మాటలెందుకు?”

“సరే, పోను. తాళంచెవి మాత్రం తే.”

బస్సులో వస్తూ ఇరవై నాలుగేళ్ళ కిందటి మొదటి రోజు గుర్తుచేసుకున్నాను. అరవై చెక్కపెట్టెలు, గోడ పొడవునా మూడు వరసలు. ఒక్కో పెట్టెలో రెండున్నర కిలోల నూకలు, వాటిలో పురుగులు, పైన వల మూత. మూత ఎత్తగానే చిమ్మెటలు లేచేవి. బూడిదరంగు, వేలి గోరంత. వాటిని గాజుగొట్టంతో పీల్చి పట్టి, వల అడుగున్న డబ్బాలో వేస్తే రాత్రంతా గుడ్లు పెట్టేవి. పొద్దున ఆ గుడ్లని జల్లెడ పట్టి, కుంచెతో రెక్కలూ కాళ్ళూ తుడిచి, సీసాల్లోకి ఎత్తాలి. తొమ్మిది గంటలకి తూర్పు కిటికీలోంచి ఎండ పడితే గాలంతా పొడి కనబడేది. మా కనుబొమలు తెల్లగా అయిపోయేవి. “ఇద్దరం ఒకేసారి ముసలివాళ్ళమయ్యాం చూడు,” అనేది అక్క. నాకప్పుడు ఇరవై ఆరు.

మాస్కులు అప్పుడు లేవు. తువాలు కట్టుకునేవాళ్ళం. పాట వచ్చినప్పుడు అక్క అది కూడా తీసేసేది, తువాల్లోంచి పాట బాగుండదని.

ఫిబ్రవరి 16

అక్కకి అబద్ధం చెప్పలేదు. రెండో రోజు నుంచి ముద్దే.

మార్చి 5, గురువారం

ఎనిమిదో తరం. ఈసారి వేయకూడదని రాత్రే అనుకున్నాను. పదకొండు దాకా ఆగాను. ఒకటో ట్రేలో పిల్లలు గడి గోడలు ఎక్కుతున్నాయి, పడుతున్నాయి. పుట్టిన పూట ఇంత హింస అవసరమా అనిపించింది. వేశాను.

అక్క ఇలాంటప్పుడు అనే మాట: “పుట్టిన పూటైనా కడుపు నిండనీ.”

చిమ్మెటలకి ఆ మాట ఎప్పుడూ అనలేదు. వాటి గుడ్లే కదా మనం పెట్టేది.

మార్చి 19

గులాబీల రైతు వచ్చాడు. పోయిన నెల ముద్ద మీద పెరిగిన పిల్లల్నే రెండు షెడ్లకి ఇచ్చాం, ప్రయోగంగా. మొగ్గల మీద పేనుబంక ఎలా ఉందో ఫోన్లో ఫొటోలు చూపించాడు. ముందు, తర్వాత. ముందువాటిలో కాడ కనబడదు. తర్వాతవాటిలో కాడే ఉంది.

“ఈ ఏడాది మందు కొట్టనమ్మా,” అన్నాడు. “మా ఆవిడ కూడా షెడ్లోకి వస్తోందిప్పుడు. మందు వాసనకి పదేళ్ళుగా గడప దాటి రాలేదు.”

ఇన్‌ఛార్జి సారు ఆ ఫొటోలు తన ఫోన్లోకి పంపించుకున్నారు. ఆయన ఉన్న గంటలో మూడుసార్లు “మేడం” అన్నారు నన్ను. మామూలుగా రోజుకి ఒకసారి.

ముద్ద పనిచేస్తోంది. చూసిన మనిషే చెప్పాడు.

ఏప్రిల్ 4

తొమ్మిదో తరం. వేశాను.

ఏప్రిల్ 22

మైనపు పొర సాగదీసే మిషను పాడైంది. చేత్తో సాగదీశాం, నేనూ, ప్యాకింగు విభాగం ఆవిడా. ఆమె లాగితే చిరిగింది. మళ్ళీ చిరిగింది. “ఇదేం పొరండీ, మా అత్తగారి కోపంలా ఇంత పలచగా ఉంది,” అంది.

ముద్ద లేనప్పుడు కూడా గడులకి మూత ఈ పొరే, అక్కా నేనూ పదేళ్ళు చేత్తోనే లాగాం. ఎదురెదురుగా నిలబడి, దుప్పటి మడత పెట్టేవాళ్ళలా అంచులు పట్టుకుని, ఒక్కో అడుగు వెనక్కి వేసేవాళ్ళం. పొర చల్లగా ఉంటే చిరుగుతుంది, కాబట్టి ముందు అరచేతుల మధ్య వెచ్చబెట్టాలి. అడుగు వేసేటప్పుడు మాట్లాడకూడదు. మధ్యలో ఎవరికైనా నవ్వొస్తే పొర పోయినట్టే. మాకు రోజూ రెండు మూడు పోయేవి.

ముద్ద పుట్టింది కూడా అక్క వంటింట్లోనే. పదహారేళ్ళ కిందట, డాక్టరు మొదటిసారి ఊపిరితిత్తుల ఫొటో తీసిన వారం. “ఆ పొడి లేకుండా ఇవి బతకాలి, అంతే,” అంది. కార్జం మిక్సీలో వేసింది. అప్పుడు బతికున్న వాళ్ళ అత్తగారు మర్నాడు అదే మిక్సీలో పచ్చడి చేసి, “ఈ రుచేంటే?” అని అడిగింది. “ఇనుము ఎక్కువ ఉంటుంది అత్తయ్యా, ఒంటికి మంచిది,” అంది అక్క. తర్వాత ఇంకో మిక్సీ కొన్నారు.

ఆ ఏడాది అక్క మూడు తరాలు ముద్ద మీద నడిపింది. రిజిస్టర్ ఇంకా ఉంది, ఆకుపచ్చ అట్ట. తరానికి ఎన్ని గూళ్ళు కట్టాయి, ఎన్ని రెక్కలొచ్చి ఎగిరాయి, అన్నీ ఉన్నాయి. చిమ్మెట గుడ్లు సున్నా. ఇప్పుడు ఈ పది తరాల ప్రయోగానికి అనుమతి వచ్చింది ఆ రిజిస్టర్ చూసే.

అక్క చేసి చూపించింది. నాకు చేతకావడం లేదు, అందుకే చిటికెడు.

మే 4, సోమవారం

పదో తరం. ఆఖరిది. ఇదొక్కటైనా శుభ్రంగా చేద్దామనుకున్నాను. సారు ఆఫీసులో లేరు. ఆయన ఉండి ఉంటే వేయకపోదును.

ఆరు చిటికెలు.

మే 28

నివేదిక పూర్తయింది. పది తరాలు, చివరి తరంలో నూటికి డెబ్బై ఎనిమిది గూళ్ళు. చిమ్మెట గుడ్ల వాడకం: లేదు. కింద సారు సంతకం, ఆయన సంతకం పక్కన నాది. పెన్ను బాగా పనిచేసింది.

మే 29, శుక్రవారం

చిమ్మెటల గది మూశారు. అరవై పెట్టెల్లో నూకలు తీసి కాల్చారు. పెట్టెలు కడిగి ఎండలో పెట్టారు. ప్యాకింగు ఆవిడ ఒక పెట్టె ఇంటికి తీసుకెళ్ళింది, చెప్పులు పెట్టుకోవడానికి. మూలనున్న సగం నూకల బస్తాని చివర్లో తీద్దామన్నారు. “చివర్లో ఎవరికీ గుర్తుండదు,” అన్నాను. తాళం వేసేటప్పుడు ఎవరికీ గుర్తులేదు. నాక్కూడా.

తాళం నేనే వేశాను. “తాళంచెవి మీ దగ్గరే ఉంచండి మేడం, మీకే హక్కు,” అన్నారు సారు.

ఇక నుంచి అమ్మకానికి ఇచ్చే పిల్లలు కూడా ముద్ద మీదే.

మే 31, ఆదివారం

తాళంచెవి అక్క చేతిలో పెట్టాను. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, గొట్టం ఉన్న ముక్కుతోనే. “ఇంకా వస్తోందే,” అంది. కోడల్ని పిలిచి మిషను పైన గోడకి మేకు కొట్టించింది. తాళంచెవి అక్కడ వేలాడదీసింది.

“పది తరాలూ నిలబడ్డాయా?”

“నిలబడ్డాయి.”

“ఏమీ వేయకుండానే?”

“ఏం వేస్తాం అక్కా.”

“ఏమో,” అంది. “నాకంటే నీ చెయ్యి మంచిదన్నమాట.”

ఆ మాట గురించి దారంతా ఆలోచించాను. మెచ్చుకుంది. అంతే.

జూన్ 3, బుధవారం

పదకొండో తరం. పొద్దున పది గంటలకి కాళ్ళు వాటంతటవే చిమ్మెటల గది వైపు నడిచాయి. తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను.

జూన్ 4

ఒకటో ట్రేలో మూడు వందలకి నూట డెబ్బై ఒకటి బతికి ఉన్నాయి. ఎండ ఎక్కువగా ఉంది, అది కారణం కావచ్చు. గదిలో ఏసీ ఉంది.

జూన్ 16

గూళ్ళు నూటికి యాభై రెండు. చిన్నవి. పోయిన నెల గూడు మిరియం గింజంత ఉండేది. ఇది అందులో సగం. సారుకి చెప్పాను. “కార్జం మారిందా?” అన్నారు. “మారి ఉండొచ్చు,” అన్నాను.

కార్జం మారలేదు. అదే కొట్టు, అదే మనిషి.

జూన్ 24

మా ఆయన అన్నం దగ్గర అడిగాడు: “ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా?”

“ఏం?”

“ఉప్పు డబ్బాలోంచి చిటికెడు తీసి, కూరలో వేయకుండా అయిదు నిమిషాలు అలాగే పట్టుకు నిలబడ్డావు.”

“మర్చిపోయాను.”

“నిలబడటం మర్చిపోయావా, వేయడమా?”

ఇంకొంచెం కూర వడ్డించాను. ఆయన బస్సుల మెకానిక్కు. చప్పుడు విని ఎక్కడ లోపముందో చెప్పేస్తాడు, కానీ అడగందే విప్పడు.

జూలై 1, బుధవారం

గులాబీల రైతు వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“పిల్లలు బతికే ఉన్నాయమ్మా. తినడం లేదు. పేనుబంక పక్క నుంచి నడుచుకుంటూ పోతున్నాయి, ఇరుగుపొరుగుని పలకరించి పోతున్నట్టు. సోమరిపోతులు. ఏం పెట్టి పెంచారు వీటిని?”

ఈసారి ఫొటోలు కాదు, కొమ్మలే తెచ్చాడు. మొగ్గలు వంకరపోయి, ఆకులు జిగటగా. నా బల్ల మీద పెట్టాడు.

“ఎన్ని షెడ్లు?” అని అడిగాను.

“మొత్తం. రెండింటికి బాగుందని ఎనిమిదింటికీ మీవే వదిలాను. మందు మానేశాను కదా, మీ మాట మీద.”

“మళ్ళీ మందు కొడతారా?”

“ఇవాళే. మా ఆవిడని మళ్ళీ ఇంట్లో కూర్చోమని చెప్పొచ్చాను.” తలుపు దగ్గర ఆగాడు. “తిట్టడానికి వచ్చానమ్మా. మీ మొహం చూస్తే తిట్లు రావడం లేదు. ఒంట్లో బాగాలేదా?”

బాగానే ఉందన్నాను.

జూలై 3

పన్నెండో తరం. పొదగడానికే గుడ్లు సరిపడా లేవు. మూడు ట్రేలే నిండాయి.

జూలై 4, శనివారం

ఈ పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. పోయినేడు రెండో తరం పుట్టిన రోజున రాసుకున్నాను: ‘ఈ ఒక్కసారికి.’ మూడో తరానికి: ‘ముసురు పట్టింది, అందుకని.’ నాలుగు: ‘వేశాను.’ అయిదు దగ్గర ఏమీ రాయలేదు, కానీ వేశానని నాకు తెలుసు. ఆరు: ‘లెక్కలోకి రాదు.’ ఏడు నుంచి పదిదాకా మళ్ళీ చదవనక్కర్లేదు.

మొత్తం తొమ్మిది తరాలు, తరానికి ఆరు చిటికెలు. యాభై నాలుగు.

ముద్ద మీద ఇవి ఎప్పుడూ నిలబడలేదు. తొలిరోజు చిటికెడు మీద నిలబడ్డాయి. ఆ చిటికెడు ఈ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు.

రేపు అక్కకి చెప్పాలి. ఆ తర్వాత సారుకి. ముందు సారుకే చెప్పాలి, కానీ ముందు అక్కకే.

జూలై 5, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

కోడలు బజారుకి వెళ్ళింది. అక్క నిద్రలేచి జుట్టు దువ్వించుకోవడానికి నా కోసం ఆగింది. దువ్వుతూ చెప్పాను. వెనకనుంటే మొహం చూడక్కర్లేదని.

“అక్కా, ముద్ద పనిచేయలేదు. రెండో తరం నుంచీ ప్రతి తరానికీ పుట్టిన రోజున గుడ్లు వేశాను. గది మూశాక వేయడానికి లేవు. పోతున్నాయి.”

దువ్వెన ఆగింది.

“ఎంత వేశావు?” అంది.

“చిటికెడు.”

“మొత్తానికా, ట్రేకా?”

“ట్రేకి.”

ఆమె కిటికీ వైపు తిరిగింది. తర్వాత అంది:

“నేను రెండు వేసేదాన్ని.”

నేను వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. అక్క ఏడవలేదు. నవ్వడం మొదలుపెట్టింది, నవ్వు దగ్గయింది, దగ్గు ఆగడానికి పావుగంట పట్టింది. మిషను మీద అంకె పెంచాను. మాట వచ్చాక ఒక్కో వాక్యానికీ ఆగి ఆగి చెప్పింది.

“పదహారేళ్ళ కిందట మూడు తరాలూ. తలెత్తి వెనక్కి తిరుగుతుంటే చూడలేకపోయాను. పుట్టిన పూటైనా కడుపు నిండనీ అనుకున్నాను. రిజిస్టర్‌లో సున్నా పెట్టాను. అంత చిన్నదానికి లెక్కేంటి అనుకున్నాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు మొదలుపెట్టినప్పుడు చెబుదామనుకున్నా. నీ చేతిలో ఉత్తి ముద్దతోనే బతికితే, చెప్పి మాత్రం ఏం లాభం అనుకున్నా. ప్రతిసారీ అడిగాను కదే, ముద్దేనా అని.”

“నేను ముద్దే అన్నాను.”

“అన్నావు. నీ చెయ్యి మంచిదనుకున్నాను.” గోడ మీదున్న మేకు వంక చూసింది. “నా అబద్ధం చూసి నువ్వు అబద్ధం రాశావు. ఆ పేజీ చూసి వాళ్ళు గది మూశారు. ఎంత పని చేశామే ఇద్దరం.”

కాసేపటికి ఆమె మళ్ళీ నా అక్కలా అయింది. అంటే ప్రశ్నలు మొదలుపెట్టింది. రెండో రోజు నుంచి నువ్వు ముట్టుకోలేదా? ముట్టుకోలేదు. నిజం? నిజం. గూళ్ళు ఎన్ని? డెబ్బై ఎనిమిది. ఎగిరినవి గుడ్లు బాగా పెట్టాయా? పెట్టాయి. రైతు షెడ్లో తిన్నాయా? తిన్నాయి.

“అయితే ముద్ద పనిచేస్తోందే,” అంది. “ఒక్కరోజు తప్ప. పన్నెండు రోజుల్లో పదకొండు ముద్ద. అరవై పెట్టెల్లో ఎన్ని పెట్టెల గుడ్లు కావాలి దీనికి?”

ఇద్దరం వేళ్ళ మీద లెక్కేశాం. ఆరు పెట్టెలు. లేదా అయిదు.

“ఆరు పెట్టెలకి గదెందుకే? వెనక వరండాలో పెట్టుకో. పొడి గాలికి పోతుంది.”

“చిమ్మెటలు ఎక్కడున్నాయి అక్కా? అన్నీ కాల్చేశారు.”

తాళంచెవి మేకు నుంచి తీసి ఇచ్చింది. “వెళ్ళి చూడు. అవి మనకి చెప్పి వచ్చాయా, చెప్పి పోవడానికి?”

జూలై 6, సోమవారం

ముందుగా చిమ్మెటల గది తలుపు తెరిచాను. సగం నూకల బస్తా మూల అలాగే ఉంది. గోడ మీద, కిటికీ ఊచల మీద, పైకప్పు అంచున చిమ్మెటలు. వందల్లో. తలుపు చప్పుడుకి కొన్ని లేచి మళ్ళీ కూర్చున్నాయి. తొమ్మిదిన్నర అయింది, ఎండ పడుతోంది. తువాలు కట్టుకుని ఒక నిమిషం నిలబడ్డాను. ఒక్క నిమిషమే.

తర్వాత సారు గదికి వెళ్ళాను. ఈ పుస్తకం ఆయనకి చూపించలేదు, తారీకులు వేరే కాగితం మీద రాసి తీసుకెళ్ళాను. యాభై నాలుగు చిటికెలూ. అక్క మూడు తరాల సంగతి కూడా. తన పేరు కూడా చెప్పమని అక్కే అంది.

ఆయన గట్టిగా అరవలేదు. అరిస్తే బాగుండేది. కాగితం రెండుసార్లు చదివారు.

“ఆ నివేదిక కింద నా సంతకం ఉంది.”

“నాదీ ఉంది సార్.”

“మీది ఉందనే నేను పెట్టాను మేడం. ఇరవై నాలుగేళ్ళ రిజిస్టర్లు మీ చేతిరాతలో ఉన్నాయి. ఇప్పుడు వాటిలో ఏది నమ్మాలి?”

మిగతావన్నీ నిజమే అనడానికి నోరు రాలేదు, నిజమే అయినా.

“ఇవాళ్టి నుంచి రిజిస్టర్ ప్యాకింగు ఆవిడ రాస్తుంది. మీరు మేత చూడండి.”

నివేదిక వెనక్కి తీసుకుంటున్నట్టు పైవాళ్ళకి ఉత్తరం ఆయనే రాశారు. రైతుకి ఫోన్ చేయమన్నారు నన్ను. చేశాను. అంతా విని, “పోయిన జన్మలో వంటమనిషి అయ్యుంటారమ్మా మీరు,” అన్నాడు. “చేయి ఊరుకోదు.” తర్వాత, “మళ్ళీ ఎప్పుడిస్తారు?” అన్నాడు. రెండు నెలలన్నాను. రెండు షెడ్లకే తీసుకుంటానన్నాడు. మిగతావి నమ్మకం కుదిరాక.

జూలై 7

రిజిస్టర్ బల్ల మీద ప్యాకింగు ఆవిడ కూర్చుంది. “ఏం రాయమంటారక్కా?” అంది. “చూసింది రాయి,” అన్నాను.

ఆగస్టు 2, ఆదివారం

సెలవైనా సారు వచ్చారు. పదమూడో తరం. రెండు ట్రేలకి ఉత్తి ముద్ద. రెండింటికి తొలిరోజు ఒక చిటికెడు, రెండింటికి రెండు. ఆయన పక్కనే నిలబడ్డారు.

ఉత్తి ముద్ద ట్రేలో పిల్లలు తలెత్తి వెనక్కి తిరుగుతున్నాయి. చేతులు వెనక్కి కట్టుకున్నాను. కాసేపటికి చూస్తే ఆయన కూడా కట్టుకున్నారు.

“ఇది చూస్తూ ఊరుకోవడం కష్టమే,” అన్నారు.

ఆగస్టు 15

గూళ్ళు: ఉత్తి ముద్ద ఇరవై నాలుగు. ఒక చిటికెడు డెబ్బై ఒకటి. రెండు చిటికెలు ఎనభై.

సారు అంకెలు చూసి అడిగారు: “చిటికెడు అంటే ఎంత? ఎవరి చిటికెడు? నివేదికలో ఏం రాయను, మేడం గారి వేళ్ళు అని రాయనా?”

నెలన్నర తర్వాత ఆయన నాతో వేసిన మొదటి జోకు.

ఆగస్టు 30, ఆదివారం

చిన్న తూకం మిషను, గుడ్ల సీసా పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. వరండాలో ఆరు పెట్టెలు ఎలా ఉన్నాయో చెప్పాను. పొడి ఎటు పోతోందని అడిగింది. తోటలోకి అన్నాను. తల ఊపింది.

మంచం మీద బల్ల వేసి తెల్లకాగితం పరిచాను. ముందు నేను చిటికెడు తీసి వేశాను. 0.23 గ్రాములు.

“పిసినారి చిటికెడు,” అంది అక్క.

ఆమె బొటనవేలు, చూపుడువేలు సీసాలో పెట్టింది. ఒక్క గుడ్డు కూడా కింద పడలేదు. కాగితం మీద వదిలింది. 0.41.

“చూశావా,” అంది కోడలితో. “దీనికన్నా నాకు ప్రేమ ఎక్కువ.”

“పప్పులో కూడా మీరు ఇంతే వేసేవాళ్ళు ఉప్పు,” అంది కోడలు. “మావయ్యగారు బాధపడేవారు.”

నవ్వకూడదు, పొర చిరుగుతుంది అని నోటిదాకా వచ్చింది. అక్క నా వంక చూసింది. తనకీ అదే వచ్చిందనుకుంటాను.

తాళంచెవి మళ్ళీ మేకుకి తగిలించి, అక్క వేసిన చిటికెడు ఆ కాగితంలోనే పొట్లం కట్టి తెచ్చాను. ఆ గది ఇప్పుడు ఖాళీ. నిజంగానే మూశాం.

సెప్టెంబర్ 1, మంగళవారం

పద్నాలుగో తరం పొద్దున పుట్టింది. ఆరు ట్రేలు.

రిజిస్టర్‌లో కొత్త గడి గీశారు: తొలిరోజు గుడ్లు, గ్రాములు. ట్రేకి పావు గ్రాము అని నిర్ణయించారు. రెండు నుంచి ఆరు దాకా తూచి వేశాను. ఒకటో ట్రేకి, నిన్నంతా ఫ్రిజ్‌లో ఉంచిన అక్క కాగితం పొట్లం విప్పి వేశాను.

ప్యాకింగు ఆవిడ పెన్ను పట్టుకుని ఆగింది. “అక్కా, ఒకటో ట్రేకి కూడా పావే కదా?”

“కాదు,” అన్నాను. “0.41 రాయి.”

రాసింది. పక్కన నేను సంతకం పెట్టాను.